నాలుగున్నర నీడ

మా నాన్న ముప్పై ఏళ్లు కరెంటు స్తంభాలెక్కిన లైన్‌మన్. మోకాలి ఆపరేషన్ అయ్యాక డాక్టరు మెట్లెక్కొద్దన్నాడు. "అలాగేనండీ" అని బుద్ధిగా తలూపాడు. ఆ తలూపడాన్ని నమ్మాను చూడండి, నన్ననాలి.

నాది సోలార్ కంపెనీలో ఉద్యోగం. ప్యానెల్ మీద ఓ మూల నీడ పడితే చాలు, ఆ వరుసంతా చతికిలపడుతుంది. ఏ నీడకు ఎంత కరెంటు తగ్గుతుందో ముందే చెప్పేలా మెషిన్ లెర్నింగ్‌తో ఒక ప్రోగ్రాం తయారు చేశాను. దానికి బడి మా డాబాయే. ఎనిమిది నెలల్లో నీళ్లట్యాంకు నీడ, పక్కింటి గోడ నీడ, మబ్బులు అన్నీ నేర్చేసుకుంది. ఒక్కచోటే తప్పేది. సాయంత్రం నాలుగున్నరకు ముందు వరుసలో కరెంటు ఠక్కున పడిపోయేది. పడదని ప్రోగ్రాం చెప్పేది. ఆదివారాలు మాత్రం దాని మాటే నిజమయ్యేది. నీడకి కూడా వారం సెలవేమిటి, నా ఖర్మ! శుక్రవారంలోగా కారణం తేల్చకపోతే ప్రాజెక్టు ఆపేస్తామన్నారు మా మేనేజరు.

ఆదివారమంటే నేనింట్లో ఉండే రోజని అప్పుడు తట్టింది. గురువారం ఆఫీసుకని బయల్దేరి, నాలుగున్నరకు వెనక సందులోంచి వచ్చి డాబా ఎక్కాను. నాన్న పిట్టగోడ పట్టుకుని వీధి చివరి బస్టాపు వైపు చూస్తూ నిలబడి ఉన్నాడు. ఎదురుగా ఎండ. ఆయన నీడ పొడుగ్గా వెనకనున్న ప్యానెళ్ల మీద పడింది.

"నాన్నా!"

ఉలిక్కిపడ్డాడు. "అదేంటే, బస్సింకా రాలేదుగా?"

"మెట్లెక్కొద్దంటే చెవికెక్కదా? కాలు జారితే?"

"అరవకే, పక్కింటివాళ్లు వింటారు. నేను స్తంభాలెక్కే రోజుల్లో మీ అమ్మ నేనొచ్చేదాకా గుమ్మంలోనే నిల్చునేది. ఇప్పుడా డ్యూటీ నాది. గుమ్మంలోంచి బస్టాపు కనపడదు మరి. నువ్వు దిగడం చూసి నేనూ దిగిపోతా, అంతే."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే మానిపిస్తావుగా."

కిందికొచ్చి నా బస్సు కార్డులో నమోదైన, నేను దిగిన వేళలన్నీ ఆ నీడ వేళల పక్కన పెట్టి చూశాను. అచ్చంగా సరిపోయాయి. నేను బస్సు దిగగానే కరెంటు లేచేది. ఎండాకాలంలో ఒకరోజు బస్సు చెడిపోయి ఆరింటికి దిగాను. ఆ రోజు ముందు వరుస గంటన్నర లేవలేదు. ఆపరేషనై అప్పటికి మూడు నెలలే. నేనింటికొచ్చేసరికి ఏమీ ఎరగనట్టు పేపరు చదువుతున్నాడు, మహానుభావుడు. కాళ్లు నొప్పంటే, వయసైందిలే అన్నాను నేను. కంప్యూటరు ముందే భోరున ఏడ్చాను.

మర్నాడు కారణం చెప్పాను. "ఇంతేనా! ఆయన్ని ఎక్కొద్దనండి, సరిపోతుంది" అన్నారు మేనేజరు. ప్యానెళ్లే వెనక్కి జరుపుతానన్నాను. ప్రాజెక్టు నిలబడింది.

డాక్టరు మా ఇద్దరికీ చీవాట్లు పెట్టి, చివరికి రోజుకొక్కసారి ఎక్కనిచ్చాడు. మెట్లకు కమ్మీ బిగించి, పిట్టగోడ దగ్గర కుర్చీ వేశాను. ఇప్పుడు బస్సు దిగగానే పైకి చూసి చెయ్యూపుతాను. ఎనిమిది నెలలు అదే వీధిలో నడిచాను. ఒక్కరోజైనా తలెత్తి చూడలేదు.