ఉన్ని తీసిన మంద

ఆ ఏడు తుఫాను ముందురోజే మా బాపు మంద మొత్తానికి ఉన్ని కత్తిరించాడు. అండమాన్ దగ్గర వాయుగుండం పుట్టిందనీ, తుఫానుగా మారి తీరం దాటుతుందనీ ఫోన్‌లో చూపిస్తే నవ్వాడు.

"సముద్రమేడ, మనమేడ? గాలి ఈడికొచ్చేసరికి సచ్చిపోతది తియ్, బిడ్డా."

నిజమే, గాలి మా దాకా వచ్చేసరికి చచ్చింది. వాన మాత్రం చావలేదు.

అప్పుడు మేం జనగామ వైపు నుంచి మేపుకుంటూ వచ్చి, పెద్దవంగర దగ్గర ఒకామె చెలకలో ఎరువు కోసం మంద పెట్టి ఉన్నాం. పొద్దున మొదలైన వాన మధ్యాహ్నమైనా తెరిపి ఇవ్వలేదు. చెలక మడుగైంది. ఒంటి మీద ఉన్ని లేని గొర్రెలు వణుకుతూ, వెచ్చదనం కోసం ఒకదాని మీదొకటి ఎక్కసాగాయి. కింద పడ్డది ఊపిరాడక చస్తుంది. మేం లాగి విడదీస్తున్నకొద్దీ అవి మళ్లీ ఎక్కుతున్నాయి. నాకు ఏడుపు కన్నా కోపమే ఎక్కువొచ్చింది.

"చెప్తే ఇన్నవా?" అని అరిచాను. బాపు చేతులు ఆగలేదు.

ఇంతలో చెలకామె తడుస్తూ పరుగెత్తుకొచ్చింది. గట్టు పక్కనే ఆమె కొత్తగా కట్టుకున్న ఇల్లు ఉంది. గృహప్రవేశం కాలేదు. ముందు ఆవును తోలి, ఆ తర్వాతే ఇంటివాళ్లు లోపల కాపురం పెట్టాలి. ఆమె తాళం తీసేసింది.

"అన్నా, తోలు. ఇంక సూస్తవేంది?"

"ముహూర్తం కాలే గదమ్మా..."

"గందాక నీ గొర్లు ఆగుతయా?"

కొత్త టైల్స్ మీద జారుతూ, పడుతూ మంద లోపలికి పోయింది. నడవలేనివాటిని బాపు గడప దాకా మోసుకొస్తే నేను లోపలికి ఈడ్చుకున్నాను. అన్నీ లోపలికి పోయాక ఆయన మాత్రం వానలోనే నిలబడ్డాడు. పెదవులు నల్లబడ్డాయి. నాకు చచ్చేంత భయమేసింది.

"మంది కొత్తింట్ల ముందుగాల నేను కాలు పెట్టుడేంది?" అన్నాడు వణుకుతూ. ఆమె చెయ్యి పట్టి లోపలికి లాగింది.

బాపు గొర్రెల మధ్య కూలబడి, ఒక్కొక్కదాని ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూశాడు. ఒక సూడి గొర్రె దగ్గర చెయ్యి ఆగిపోయింది. ప్రవేశం కాని ఇంట్లో చావు. దాని మొహం మీద తలరుమాలు కప్పి, ఆమెకు కనబడకుండా అడ్డంగా కూర్చున్నాడు.

ఆమె చూసింది. చూసినట్టు నాకు తెలుసు.

"అది పండుకున్నదన్నా, పండుకోనియ్యి" అని, మిగిలినవాటికి మంట వెయ్యడానికి ఎండు కట్టెలు వెతకబోయింది.