మా అవ్వను లోపలేసుకున్న ఇల్లు

చదువు అయిపోయి, చేతికి మొదటి ఉద్యోగం వచ్చిన కొత్తలో మనిషికి ఒక రకమైన ధైర్యం ఉంటుంది. అప్పుడు మనకు తెలియనిది లోకంలో ఏదీ ఉండదు. ఒకవేళ ఉన్నా అది ఫోనులో ఉంటుంది. ఆ ధైర్యం ఇప్పుడు గుర్తొస్తే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. మార్కాపురంలో ఇంజనీరింగు ముగించి, గిద్దలూరులో ఒక కరెంటు సామాన్ల దుకాణంలో చేరి (ఇంజనీరునని ఇంట్లో చెప్పుకునేవాళ్ళు, దుకాణంలో మాత్రం ‘బల్బు చూపించు పాపా’ అనేవాళ్ళు), రోజూ బస్సులో కొమరోలు దాకా వచ్చి, అక్కడి నుంచి ఆటోలో మా ఊరు చేరుకునేదాన్ని. అట్లా ఒకరోజు ఇంటికి వచ్చి చెంబుడు నీళ్ళు తాగుతుంటే మా నాయన, ‘కొత్త ఇల్లు కడతాండాం. ఎట్ల కట్టాల్నో పాపే చెప్పనీ. అంత చదివిచ్చింది ఎందుకు?’ అన్నాడు. నీళ్ళు పొలమారాయి. ఆ ఇంటి విషయంలో నేను తిన్న మొదటి దెబ్బ అదే. మా ఇంట్లో అంతకు ముందు నన్ను అడిగి చేసిన పని ఏదైనా ఉందంటే, అది టీవీలో చానెల్ మార్చడం.

మా పాత ఇల్లు పేరుకు మిద్దె, పనికి పెనం. పగలంతా మింగిన ఎండను చీకటి పడ్డాక తీరిగ్గా మా మీద కక్కేది. అందుకని కొత్త ఇంటికి ఎండ తగలకూడదని పట్టుబట్టాను. గోడలకు లోపల బోలుగా ఉండే ఇటుకలు, కిటికీలకు రెండు పొరల అద్దాలు, తలుపుల చుట్టూ గాలి దూరకుండా రబ్బరు పట్టీలు, స్లాబు మీద మందపాటి థర్మాకోల్ అట్టలు, వాటి మీద కాంక్రీటు, ఆపైన తెల్ల టైల్సు. ఇవన్నీ చెప్పేసరికి మేస్త్రీ మామ అట్టముక్కను చేతిలో తిప్పి చూసి, ‘ఏంది పాపా, ఇది టీవీ పెట్టెలో వచ్చే అట్ట గదా! దీని మీద ఇల్లెట్ల నిలబడతాది?’ అన్నాడు. ‘ఇల్లు దీని మీద నిలబడదు మామా, ఇదే ఇంటి మీద పండుకుంటాది’ అన్నాను. పక్కనే ఉన్న మా పెద్దత్త (నాయనకు అక్క. ఊళ్ళో ఏ శుభకార్యానికైనా శాస్త్రం చెప్పేది ఆమే. నేను చాటుగా పెట్టిన పేరు శాస్త్రాలత్త) బుగ్గన వేలు పెట్టుకుని, ‘ఇంటికి దుప్పటి కప్పుతాదంట నా మేనకోడలు! రేపు ఇంటికి పడిశం పట్టిందని కషాయం గూడా తాపిస్తాది’ అంది.

ఆ దుప్పటి కప్పడం కూడా సాఫీగా జరగలేదు. అట్టలు తెచ్చి స్లాబు మీద పేర్చిన సాయంత్రమే నల్లమల వైపు నుంచి గాలి లేచింది. మేము మిద్దె ఎక్కేలోపల తెల్ల అట్టలు కొంగల గుంపులా పైకి లేచి, ఒక చుట్టు తిరిగి ఊరి మీదికి దిగిపోయాయి. మర్నాడు వాటి కోసం ఇల్లిల్లూ తిరిగాను. ఒక ఇంట్లో అట్ట కోళ్ళ గంపకు మూతయింది. ఇంకో ఇంట్లో దాని మీద వడియాలు ఎండుతున్నాయి. బస్సు షెల్టరులో నలుగురు పెద్దమనుషులు ఒక అట్ట పరుచుకుని పేకాట ఆడుతున్నారు. ‘అది మాది మామా’ అంటే, ‘నీ పేరేమన్నా రాసుండాదా పాపా?’ అని ముక్క వేసి మళ్ళీ ఆటలో పడ్డారు. చివరికి కొత్త అట్టలు కొని, వెంటనే వాటి మీద కాంక్రీటు పోయించాం.

ఇక తెలివైన ఇల్లు సంగతి. లైట్లు, ఫ్యాన్లు, కిటికీ పరదాలు, నీళ్ళ మోటారు, వాకిలి తలుపు అన్నీ ఫోను చెప్పినట్టు వినాలని నా పథకం. నాయన అదిరిపోతాడనుకున్నాను. ఆయన చాలా మామూలుగా, ‘చేలో బోరు మోటారు ఫోన్లోనే ఏస్తాండాం గదా, అట్లాంటిదే గదా?’ అని పశువులకు చొప్ప వెయ్యడానికి పోయాడు. నా చదువంతా చొప్పకట్టతో సమానమైపోయినట్టు అనిపించింది. ఆ కసి కొద్దీ వాకిలి తలుపు మీద నా ప్రతాపమంతా చూపించాను. దానికి వేలిముద్ర తాళం పెట్టాను. లోపలి చల్లదనం బయటికి పోకుండా తలుపు దానంతట అదే మూసుకునేట్టు, మూసుకోగానే తాళం పడేట్టు చేశాను. లోపలి వైపు పిడిని కిందికి నొక్కితే తెరుచుకుంటుంది. బయటి నుంచి రావాలంటే వేలిముద్ర కావాలి. మా నాయన, అమ్మ మట్టిపని చేసి చేసి వేళ్ళ గీతలు అరిగిపోయిన మనుషులు (రేషను మిషన్లో కూడా వాళ్ళ ముద్ర పడేది కాదు), అందుకని తాళంలో పడింది నా వేలు ఒక్కటే. ఫోనుతో తెరవచ్చు. అదీ కాకపోతే మామూలు తాళంచెవి ఉంది. ఇన్ని దారులున్న తలుపు మా మండలంలోనే లేదని దుకాణంలో గొప్పలు కూడా పోయాను.

గృహప్రవేశం ఉదయం. వీధి నిండా షామియానా, చుట్టాలు, వంట పొగ. ముందు ఆవు లోపలికి నడవాలి, వెనక అమ్మానాన్నలు. ఆవు మా అవ్వ పెంచిన ఎర్రావు. అవ్వ అంటే నాయనకు తల్లి. అది అవ్వ చెయ్యి తప్ప ఇంకొకరి చెయ్యి తగిలితే అడుగు కదపదు. ఇక్కడే శాస్త్రాలత్తకు చిక్కు వచ్చింది. మా తాత పోయి చాలా ఏళ్ళయింది. ‘అమ్మా, నువ్వు గడప దాకా తోలుకొచ్చి పగ్గం నీ కోడలి చేతికిచ్చెయ్. నువ్వు లోపలికి అడుగు పెట్టగూడదు, ఇంటికి మంచిది గాదు’ అంది తన కన్నతల్లితోనే. అవ్వ తల ఊపి పగ్గం పట్టుకుంది. నాయన ముఖం మాత్రం ఒక్క క్షణం మాడింది. అమ్మ తాళంచెవిని పసుపు గుడ్డలో చుట్టి ఆవు కొమ్ముకు కట్టింది. ‘లక్ష్మి చేతుల మీదుగా ఇంట్లోకి పోతాది’ అని ఆమె ముచ్చట.

గడప దగ్గరికి వచ్చేసరికి, వెనకున్న దూడ మేళం చప్పుడుకు బెదిరి పలుపు తెంపుకుని షామియానాలో పడింది. అందరం అటు తిరిగాం, వాకిలి తలుపు తెరిచి పట్టుకున్న నేను కూడా దాన్ని వదిలేసి దూడ వైపు పరిగెత్తాను. అదే సమయంలో ఎర్రావుకు లోపల రాశి పోసిన వడ్లు కనిపించాయి. ఒక్క ఊపున లోపలికి దూకింది. పగ్గం చేతికి చుట్టుకుని ఉన్న మా అవ్వ కూడా దానితో పాటే గడప దాటిపోయింది. నేను తిరిగి చూసేసరికి వాకిలి తలుపు మెల్లగా, మర్యాదగా, నేను నేర్పిన ప్రకారమే మూసుకుంది. ‘టిక్’ అని తాళం పడింది.

మేళం ఆగిపోయింది. ‘అయ్యో అయ్యో, అమ్మ లోపలికి పోయినాది!’ అని అత్త గుండెలు బాదుకుంది. నేను పరుగున పోయి వేలు పెట్టాను. తాళం ఎర్రగా వెలిగి కీచుమంది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ కీచుమంది. అప్పుడు నా వేళ్ళు చూసుకున్నాను. పొద్దున్నుంచి గడపలకు పసుపు పూసింది నేనే, వేళ్ళు పసుపుకొమ్ములైపోయి ఉన్నాయి. చీరకొంగుతో తుడిచి, నీళ్ళతో కడిగి, మళ్ళీ మళ్ళీ పెట్టేసరికి తాళానికి నా మీద దొంగననే అనుమానం వచ్చి, ఇక కాసేపు ఎవరి వేలూ చూడనని మొరాయించింది. ఫోను తీశాను. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. నెట్ పెట్టె లోపలే ఉంది, అదీ ఆరిపోయింది. ‘తాళంచెవి ఉండాది గదా!’ అన్నాడు నాయన. అమ్మ నోరు తెరిచి, కిటికీ వైపు చెయ్యి చూపించింది. తాళంచెవి కొమ్ముకు కట్టుకుని ఆవు లోపల వడ్లు తింటోంది.

‘అవ్వా! పిడి కిందికి నొక్కు!’ అని కిటికీ దగ్గర అరిచాను. అవ్వ నవ్వుతూ చెయ్యి ఊపింది. నా అరుపు ఆమెకు చేరలేదు. రెండు పొరల అద్దం, బోలు ఇటుకలు, రబ్బరు పట్టీలు! బయట బస్సు హారన్ కొట్టినా లోపల వినపడదని నేనే కదా అందరికీ చెప్పింది. నేను చెప్పింది ఇంత నిజమవుతుందని నాకే తెలియదు. ఇక సైగలు మొదలుపెట్టాను. పిడి నొక్కమని పిడికిలి కిందికి ఊపితే, ఆవును అదిలించమన్నాననుకుని దాని వీపు మీద ఒక్కటిచ్చింది. వెనక పెరటి తలుపు గడియ తియ్యమని వెనక్కి చూపిస్తే, వెనక్కి తిరిగి చూసి, అక్కడ పూజకు సర్దిన పళ్ళెం కనిపించేసరికి తెలిసిందన్నట్టు తల ఊపింది. చివరికి మా నాయన, పిడి తిప్పమనడానికి చెయ్యి గుండ్రంగా తిప్పుతూ చూపించాడు. అవ్వ ముఖం వెలిగిపోయింది. దీపం ముట్టించి, పళ్ళెంలో కర్పూరం వెలిగించి, ఆవుకు హారతి ఇచ్చింది!

‘శివశివా!’ అన్నారు అయ్యవారు. మంత్రం సగంలో ఆగిపోయింది. ఊరు ఊరంతా మా కిటికీ మీద పడి చూస్తోంది. లోపల అవ్వ ఆవుకు పసుపు పెట్టింది, కుంకుమ పెట్టింది. హారతి పళ్ళెం పట్టుకుని ఒక్కో గదిలోకి పోయి చూపించి వచ్చింది. వంటింట్లో గిన్నెడు పాలు పొయ్యి మీద పెట్టడం ఆ గది తలుపు సందులోంచి కనిపించింది. వద్దనిపించుకున్న మనిషే, వద్దన్న పనులన్నీ ఒక్కటొక్కటిగా, ఎవరి తొందరా లేకుండా చేసుకుంటూ పోతోంది. అత్త నేల మీద కూలబడింది. ‘ముహూర్తం దాటిపోతాంది’ అన్నారు అయ్యవారు, గాలితో చెప్పినట్టు. నాకు ఏడుపు వచ్చింది. మా నాయన పరువు, కొత్త ఇల్లు, పెద్దల మాట, అన్నీ నేను పెట్టిన ఆ రబ్బరు పట్టీ అవతల ఇరుక్కుపోయాయి.

అంతలో కరెంటు వచ్చింది. నేను మరిచిపోయిన సంగతి ఒకటి ఉంది. ఇల్లు కరెంటు అందుకుని మేలుకోగానే, లోపల మనిషి కనపడితే స్వాగతం చెప్పాలని దానికి నేర్పి పెట్టాను. ఒక్కసారిగా లైట్లు నీలంగా, ఎర్రగా వెలిగాయి. పరదాలు వాటంతట అవే కదిలాయి. ఫ్యాన్లు తిరిగాయి. నా గొంతే మైకులోంచి వచ్చినట్టు, ఆ గోడల్లోంచి బయటికి కూడా వినపడేంత గట్టిగా, ‘మా ఇంటికి రండి, రండి!’ అంది. ఎర్రావు ఒక్క గెంతు గెంతి, వాకిలి వైపు దూసుకొచ్చి, తల వంచి కుమ్మింది. కొమ్ము పిడికి తగిలింది. పిడి కిందికి దిగింది. తలుపు తెరుచుకుంది. అంతసేపు నేను చేతులు విరిగేట్టు సైగ చేసిన పనిని ఆవు ఒక్క కుమ్ముతో చేసేసి, షామియానా మధ్యలోంచి, కొమ్ముకు పసుపు గుడ్డ ఊగుతుండగా, పాత ఇంటి దారి పట్టింది. దూడ అరుస్తూ వెనకే పోయింది.

‘లక్ష్మి బయటికి పోయినాది...’ అని ఎవరో అన్నారు. అందరూ నాయన ముఖం చూశారు. నేను మాత్రం చూడలేకపోయాను. తలుపు మధ్యలో అవ్వ హారతి పళ్ళెంతో నిలబడి, ఇంతమంది ఎందుకు ఇట్లా చూస్తున్నారో అర్థం కాక, ‘ఏందిరా? సైగలు చేసి చేసి అన్నీ చెయ్యమన్నారు, చేసినా. పాలు పొంగినాయి. ఇంకా బయటనే నిలబడినారేం?’ అంది.

నాయన చెప్పులు విడిచాడు. అవ్వ ముందుకు పోయి, పళ్ళెంలో కర్పూరం మీద చేతులు చూపి కళ్ళకద్దుకున్నాడు. ‘స్వామీ, మా అమ్మ ముందడుగు పెట్టినాది. ముహూర్తంలోనే పెట్టినాది. పాలు పొంగిచ్చినాది. నాకింత కంటే మంచి గృహప్రవేశం ఇంకేముంటాది?’ అన్నాడు. అయ్యవారు, ‘కన్నతల్లి కాలు పెట్టినాక నేనేం చెప్పేదుందయ్యా’ అని ఆగిన మంత్రం అందుకున్నారు. మేళం మోగింది. శాస్త్రాలత్త నేల మీది నుంచి లేచి, ఏం చెయ్యాలో తోచక, చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల్లి వెనకే లోపలికి వచ్చింది. లోపలికి వచ్చాక మాత్రం, ‘అబ్బ, ఏం చల్లగుండాదే పాపా!’ అంది. అవ్వ అప్పటికే ఫ్యాను కింద చాప వేసుకుంది. ‘ఆ తలుపు మూసిపొండి. మీ గోల యినపడకుండా సుఖంగా ఉన్నింది’ అంది.

ఆ రంగుల లైట్లు, స్వాగతం చెప్పే గొంతు ఎప్పుడో పీకేశాం. తలుపుకు ఇప్పుడు మామూలు తాళమే. పైన దుప్పటి మాత్రం అట్లాగే ఉంది, నడి ఎండల్లో చుట్టాలు ఏదో ఒక పని పెట్టుకుని మా ఇంటికి వస్తుంటారు. ఆ రోజు ఫొటోలు తీయడానికి వచ్చినాయన ఈ గొడవలో కెమెరా అద్దానికి ఆనించి ఒకే ఒక ఫొటో తీశాడు. లోపల అవ్వ హారతి తిప్పుతూ ఉంటుంది, అద్దం మీద పట్టుచీరలో, పసుపు చేతులు రెండూ పైకెత్తి, ఈగ దూరేంత నోరు తెరిచి అరుస్తున్న ఒక పిల్ల నీడగా పడి ఉంటుంది. ఇప్పుడు మార్కాపురంలో ఇళ్ళకు ప్లాన్లు గీసే ఉద్యోగంలో ఉన్నాను. ‘మేడం, మీకు అన్నీ తెలుసు గదా’ అని ఎవరైనా అంటే ఆ పిల్ల ముఖం కళ్ళ ముందుకొస్తుంది. ‘లేదమ్మా, కొంచెం ఆలోచించి చెప్తా’ అంటాను. అంతటి ధైర్యం మళ్ళీ నాకు రాలేదు. పిచ్చిది, ఎంత గట్టిగా అరిచిందో పాపం.