ఇసుకెక్కిన మోటారు పడవ

మా మనవరాలు మొన్న సముద్రంలో పడవెక్కి వచ్చింది. గంటసేపు ఆ నీళ్ల గురించే చెప్పింది. విని ఊరుకున్నాను. ఎండాకాలం ఇంటిల్లిపాదీ కలిసి మోటారు పడవలో విహారం పోవడమంటే ఏమిటో నాకు పందొమ్మిదో ఏటనే తెలిసింది. మేం ఒక్కసారే పోయాం. ఆ ఒక్కసారితో మా వంశానికి సరిపోయింది.

ఆ పడవ సంగతి చెప్పాలంటే ముందు మా పెళ్లిలో వడ్డించిన నెయ్యి సంగతి చెప్పాలి. మా నాయన బచ్చాల మీద, అంటే బొబ్బట్ల మీద, నెయ్యి చిన్న గరిటెతో వడ్డించాడు. మగపెళ్లివాళ్లు చెంబుతో పోస్తారని ఎదురుచూశారు. నన్నడిగితే బచ్చానికి గరిటెడు నెయ్యి చాలు. ఎక్కువైతే ఆ నెయ్యి విస్తరి తాగుతుంది, మనిషి కాదు. కానీ పెళ్లికూతుర్ని ఎవరడుగుతారు? మా మామ విస్తరి ముందు నుంచి లేచి నిలబడ్డాడు. అప్పటికి నాలుగు బచ్చాలు తినేశాడు. ఐదోదాని దగ్గర పౌరుషం వచ్చింది.

"గీ ఊరి నేల మీద మా ఇంటి కాలు మల్ల వడదు" అని అందరి ముందూ ఒట్టు పెట్టుకున్నాడు.

తాళి అప్పటికే పడింది కాబట్టి నా కాలు కూడా వాళ్లింటి కాలే అయింది. మా పుట్టిల్లు కృష్ణకు అవతల, బీచుపల్లికి రెండు కోసుల దిగువన. అత్తవారిల్లు ఇవతల, వనపర్తి వైపు. మధ్యలో ఏరు. మూడేళ్లు నేను ఆ ఏరు దాటలేదు. మొదటి కాన్పుకు ఎవరైనా పుట్టింటికి పోతారు. నేను మాత్రం అత్తగారి గొడ్లపాకకు ఆనుకుని ఉన్న గదిలో కన్నాను. ఆడపిల్ల. దానికి తొమ్మిది నెలలు నిండాయి, పైన రెండు పళ్లు వచ్చాయి. మా అమ్మ మాత్రం పిల్లను చూడలేదు.

గాజులమ్మే ఆమె రెండు ఊళ్లూ తిరిగేది. మా అమ్మ కళ్లకు పొర కమ్ముతోందని ఆమే చెప్పింది. మనిషి దగ్గరికొస్తే తప్ప గుర్తుపట్టడం లేదట. "పిల్లను జల్ది ఒక్కసారి చేతులల్ల వెట్టిపొమ్మన్నది. ఇంకొన్నాళ్లైతే ముఖం గూడ కనవడదంట" అన్నది. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు తిన్నది వంటబట్టలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా చిన్నమామకు, అంటే మామ తమ్ముడికి, మోటారు పడవ దొరికింది. ఆయన సంస్థానంలో ఒక పెద్ద అధికారి దగ్గర రాతకోతల పని చేసేవాడు. ఆ అధికారి వరదల్లో షికారుకని పడవ తెప్పించుకుని, రెండుసార్లు ఎక్కి, రెండుసార్లూ వాంతి చేసుకుని, దాన్ని కొట్టంలో పెట్టించాడు. మా చిన్నమామ నాలుగు రోజులకని అడిగి తెచ్చాడు. యుద్ధం రోజులు, కిరసనాయిలు దొరకడమే గగనం. ఆయన మాత్రం ఎక్కడి నుంచో రెండు డబ్బాల పెట్రోలు సంపాదించాడు. ఆ ఖాళీ డబ్బాలు తరువాత నాకు నీళ్లు తోడుకోవడానికి పనికొచ్చాయి. విహారం వల్ల మా ఇంటికి మిగిలిన లాభం అదొక్కటే.

మా అత్త నోరు పెద్దది, మనసు మాత్రం మంచిది. పడవ మాట వినగానే నా వైపు ఒకసారి చూసి, మామను పట్టుకుంది.

"ఏమయ్యా, పడవ నీళ్ల మీదనే గద పోయేది. పిల్లను అమ్మమ్మకు జర సూపెట్టుకుంట పోతే నీ ఒట్టుకేమైతది?"

మామ తన ఒట్టును అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "పడవ ఆగదు. పోతా పోతా ఎత్తి సూపెట్టుండ్రి. సూసుకోనీ" అన్నాడు.

పొర కమ్మిన కళ్లకు పరుగెత్తే పడవలోంచి చూపించడం! అంత దయ ఎక్కడ దాచుకున్నాడో ఇన్నాళ్లూ. నాకు కావలసింది పిల్లను మా అమ్మ చేతుల్లో పెట్టడం. కానీ ఆ రోజుల్లో కోడలు మామ ముందు నోరెత్తేది కాదు. గాజులామెతో కబురు మాత్రం పంపాను: గురువారం పొద్దున ఏటి ఇసుకలో మన పుచ్చతోట దగ్గర నిలబడమని.

పడవను రెండెడ్ల బండి మీద ఏటికి తెచ్చారు. మా ఆయనను గొడ్లకు కాపలా పెట్టారు. అదృష్టవంతుడు. నడపడానికి పట్నం నుంచి కార్ల డ్రైవరును పిలిపించారు. నెత్తిన టోపీ, చేతిలో రబ్బరు బుడ్డి హారను. అతను ఏటిని చూడటం అదే మొదటిసారి. పడవకు హారను ఎందుకని ఎవరూ అడగలేదు. మోటారుకు హారను ఉంటుంది కాబట్టి ఉంది.

రేవులో మనుషులను పుట్టిలో, అంటే గంపలాంటి గుండ్రటి తెప్పలో, దాటించే బెస్తాయన మా సంబరమంతా చూశాడు.

"దొరా, గిది ఎండకాలపు ఏరు. మోటారుకు అడుగు తగుల్తది. నా పుట్టిల కూసోండ్రి, మెల్లగ దింపుత."

"మోటరుండంగ నీ గంపల కూసునుడేంది?" అన్నాడు చిన్నమామ.

"సరే దొరా. నేను ఎన్కనే వస్త. గంప ఖాళీగనే ఉంటది" అన్నాడు అతను, బీడీ ముట్టించుకుంటూ.

బీచుపల్లి అంజన్న వైపు తిరిగి దండం పెట్టి బయలుదేరాం. నిజం చెప్పాలి కదా, మొదటి అరగంట బాగానే ఉంది. ముఖానికి చల్లగాలి. పిల్ల గాలిని నోటితో పట్టుకోవాలని చూసింది. మామ గొడుగు కింద కూర్చుని, ఆ ఏరు తనే తవ్వించినట్టు ఇటూ అటూ చూశాడు. డ్రైవరు నీళ్లలో పడుకున్న బర్రెలకు హారను కొట్టాడు. అవి కళ్లెత్తి చూసి, మళ్లీ మూసుకున్నాయి. అత్త పెట్రోలు వాసనకు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "గాలి మంచిగున్నది" అన్నది.

కొంతదూరం పోయాక ఏరు రెండు పాయలైంది. ఒకటి బండల పక్కన ఇరుకుగా, నల్లగా పారుతోంది. రెండోది మైదానంలా వెడల్పుగా మెరుస్తోంది. డ్రైవరు వెడల్పు దానిలోకి తిప్పాడు. రోడ్డు మీద వెడల్పున్న చోట మోటారు బాగా పోతుంది. ఏట్లో వెడల్పున్న చోట నీళ్లు పలచబడతాయి. ఈ సంగతి ఇందాకటి బర్రెలకు తెలుసు.

పడవ గర్రుమని అరిచి, ఇసుకలో ముక్కు గుచ్చి ఆగిపోయింది. మామ గొడుగు నీళ్లలో పడింది. మామ కూడా పడేవాడే, చిన్నమామ నడుము పట్టుకున్నాడు. తలెత్తి చూద్దును కదా, ఎదురుగా కేక వేస్తే వినిపించేంత దూరంలో పుచ్చతోట. మా నాయనదే. తోట అంచున ఎండకు కళ్ల మీద చెయ్యి పెట్టుకుని మా అమ్మ. గుడిసె ముందు, ఏటికి వీపు పెట్టి కూర్చున్న మనిషి మా నాయన. ఆయనకూ పౌరుషం ఉంది. అది మాత్రం గరిటెతో కాదు, చెంబుతోనే పోశాడు దేవుడు.

"అన్నా, జర అందరు దిగితే పడవ తేలుతది" అన్నాడు చిన్నమామ.

"ఎవ్వరు దిగొద్దు! గిది ఏ ఊరి జాగనో తెల్సా నీకు?"

"ఏరన్నా గిది. ఏటికి ఊరేంది?"

"నీళ్ల కింద ఇసుక లేదా? ఆ ఇసుక ఆ ఊరిది గాదా?"

మా అత్త కొంగు ముక్కు మీద నుంచి తీసింది. "ఏమయ్యా, నువ్వు ఒట్టు వెట్టుకున్నది నేల మీదనా, నీళ్ల మీదనా?"

మామ ఆలోచనలో పడ్డాడు. పడవ కదలక కూర్చున్నా ఆయన న్యాయవిచారణ మాత్రం కదిలింది. చివరికి తీర్పు చెప్పాడు: నీళ్లున్నంత దూరం ఏరు. పొడి ఇసుక తగిలితే ఊరు.

ఆ తీర్పు నాకు చాలు. ఆయనతో మాట్లాడకూడదు కాబట్టి చంకలోని పిల్లతోనే గట్టిగా చెప్పాను. "మనం నీళ్లల్లకే దిగుతున్నం బిడ్డా. తాత ఒట్టుకేం గాదు." అని, ఎవరైనా వద్దనేలోపు దిగాను. నీళ్లు మోకాలి దాకా ఉన్నాయి.

అమ్మ అటునుంచి దిగింది. చేతులు ముందుకు చాచి, కాళ్లతో అడుగును తడుముకుంటూ వస్తోంది. కానీ నేనున్న వైపు కాదు, మెరిసే నీళ్లలో దారి తప్పి బండల వైపు పోతోంది. అక్కడ లోతు. మా అత్త అది చూసి డ్రైవరును కసిరింది. "హారను కొట్టు! ఇప్పుడు గాకుంటే ఇంకెప్పుడు కొడతవ్?" అతను కొట్టాడు. అమ్మ ఆగింది, చప్పుడు వైపు తిరిగింది. పొద్దుటి నుంచి ఆ హారను పనికొచ్చింది ఆ ఒక్కసారే.

పిల్లను అమ్మ చేతుల్లో పెట్టాను. అమ్మ ముఖం దగ్గరికి తెచ్చుకుని చూసింది. నుదురు, చెవులు, పళ్లు వేలితో తడిమింది. ముక్కు దగ్గర వేలు ఆగింది.

"ముక్కు మాత్రం వాళ్ల తాతదే. కోపపు ముక్కు" అన్నది.

పడవలోకి బాగానే వినబడింది. మామ తన ముక్కు ఒకసారి తడుముకున్నాడు.

చిన్నమామ, డ్రైవరు నీళ్లలో దిగి ఎంత నెట్టినా పడవ కదలలేదు. ఇంజను రెక్కకు నాచు చుట్టుకుంది. వెనకే వచ్చిన బెస్తాయన బీడీ పారేసి, ఎడ్లు కావాలన్నాడు. అక్కడ ఎడ్లున్నది మా నాయనకే. మా నాయన వెనక్కి తిరగకుండానే బెస్తాయనతో, "ఎడ్లు తోల్కపో. ఎడ్లకు ఒట్లు లేవని చెప్పు" అన్నాడు. మామ కూడా బెస్తాయనతోనే, "నేను అడగలేదని చెప్పు" అన్నాడు. "అడగలేదని నాకు తెల్సని చెప్పు" అని అటునుంచి జవాబు వచ్చింది. ఇద్దరి మధ్యా ఉన్నది ఒక్క కేక దూరం.

రెక్క బాగు చేయాలంటే పడవ పొడి చోటికి రావాలి. నన్నూ చిన్నమామనూ మళ్లీ పడవలోకి ఎక్కమన్నారు, పిల్ల మాత్రం అమ్మ చేతుల్లోనే ఉండిపోయింది. ఎడ్లు గుంజాయి. పడవ నీళ్లు దాటి, ఇసుక మీదికెక్కి, పుచ్చతీగల అంచున ఆగింది. లోపల మామ తడిసిన గొడుగు పట్టుకుని నిటారుగా కూర్చుని ఉన్నాడు. మా ఊళ్లో దేవుణ్ణి కూడా అంత భద్రంగా ఊరేగించరు. ఏ ఊరి నేల తొక్కనన్నాడో ఆ ఊరి నడి తోటలోకి వచ్చాడు, కాలు మాత్రం పడవలోనే ఉంది.

మధ్యాహ్నమైంది. చెంబులో నీళ్లు అయిపోయాయి. మా నాయన ఒక పుచ్చకాయ కోసి, పడవ అంచు మీద పెట్టి, మళ్లీ పోయి ఏటికి వీపు పెట్టి కూర్చున్నాడు. మామ మొదట గొడుగు అడ్డం పెట్టుకున్నాడు. తరువాత తిన్నాడు. గింజలు కూడా బయటి నేల మీద పడకుండా పడవలోనే ఊశాడు. నియమమంటే నియమమే. ఆ గింజలు నేను కొంగున మూటగట్టుకున్నాను, పారేయడం దేనికి?

అమ్మ పడవ పక్కనే ఇసుకలో కూర్చుంది. పిల్ల ఒళ్లోంచి జారి తీగల వైపు పోవాలని ఒకటే తన్నులాట. అమ్మ దాని రెండు పాదాలూ గుప్పిట పట్టుకుని పైకెత్తి ఉంచింది. ఒకటి కాదు, రెండు జాములు అలాగే. లేచి తిప్పింది, ఆడించింది, నిద్రపుచ్చింది, మళ్లీ లేచాక ఎత్తుకుంది. దించలేదు. ఒక చెయ్యి నొప్పి పుడితే రెండో చేతికి మార్చుకుంది.

"జర దించరాదు వదినె, చేతులు గుంజుతయి" అన్నది మా అత్త.

"వద్దు వదినె. ఇది ఆ ఇంటి కాలు. మా నేల మీద పెట్టిచ్చినమన్న మాట మాకొద్దు."

నేను తల వంచుకుని గింజలు ఏరాను. మామ ఏటి వైపు తిరిగి కూర్చున్నాడు.

సాయంత్రానికి తేలిందేమిటంటే రెక్క వంగింది, పడవ బండి మీదే తిరిగి పోవాలి. మమ్మల్ని ఇంటికి చేర్చడానికి బెస్తాయన ఖాళీ పుట్టి సిద్ధంగానే ఉంది. అతను పొద్దున్నే చెప్పాడు కదా. అమ్మ లేచి, పిల్లను నాకు అందించబోయింది. చేతులు స్వాధీనంలో లేవు, పిల్ల జారబోయి మళ్లీ అమ్మ మెడను పట్టుకుంది.

"దించమను" అన్నాడు మామ.

"ఏం దించాలె?" అన్నది అత్త, తెలియనట్టు.

"ఆ పిల్లను. ఎంతసేపు మోస్తరు గట్ల? దానికింకా నడకనే రాలే. నడక రాని కాలు కాలెట్లయితది?"

అంత గొప్ప తీర్పు ఏ కోర్టు కచేరీలోనూ విని ఉండరు. అమ్మ ఒక్క క్షణం నిలబడి, వంగి, పిల్లను ఇసుకలో దించింది. నేనూ పడవ దిగి వాళ్ల పక్కన కూర్చున్నాను. నాకు నడక వచ్చినా ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు. మా నాయన గుడిసె ముందు ఇటు తిరిగి కూర్చున్నాడు.

పిల్ల రెండు చేతులా ఇసుక తీసుకుని నోట్లో పెట్టుకుంది. మా నాయన ఊరి నేల మీద కూర్చుని ఆ ఇంటి మనిషి మూడేళ్ల తరువాత తిన్న మొదటి తిండి అది. నెయ్యి తక్కువైందని మాత్రం అనలేదు.