ముద్దనూరు దారిలో ఆగిన కారు

మొన్న ఎర్రగుంట్ల కూడలిలో బస్సు కోసం నిలబడి ఉండగా సిమెంటు లారీ ఒకటి పొగలు కక్కుతూ వచ్చి నా పక్కనే ఆగింది. డ్రైవరు దిగి బానెట్ ఎత్తి, చేతికి గోనెపట్ట చుట్టుకుని రేడియేటరు మూత తిప్పాడు. బుస్సుమని ఆవిరి లేచింది. కాలిన ఇనుము, తుప్పు, మరిగిన నీళ్ళు కలిసిన వాసన ముఖానికి కొట్టింది. నా బస్సు వచ్చి వెళ్ళిపోయింది. నేను ఎక్కలేదు. ఆ వాసన తగిలితే నాకు జమ్మలమడుగు ప్లీడరు కృష్ణస్వామయ్య గారు గుర్తుకు వస్తారు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది.

ఆయనను కంటితో చూడనివాళ్ళు కూడా ఆయన గురించి ఒక మాట చెప్పుకుంటారు. ఇనాందారు దగ్గర డబ్బు తీసుకుని, నమ్మిన విధవరాలి భూమి పోగొట్టాడని, విచారణ రోజున కారు చెడిపోయిందని నాటకమాడాడని. ప్రొద్దుటూరు బజారులో విన్నాను, పులివెందుల హోటళ్ళలో విన్నాను. విని కాఫీ తాగి లేచి వచ్చాను. ఆ మాట అబద్ధం. కారు నిజంగానే చెడింది. ఎందుకు చెడిందో అప్పట్లో తెలిసినవాళ్ళం ఇద్దరం. ఆ ఇద్దరిలో ఇప్పుడు నేనొక్కడినే మిగిలాను కాబట్టి ఇది రాస్తున్నాను.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో ఆయన దగ్గర గుమాస్తాగా చేరాను. మా నాన్నది ప్రొద్దుటూరులో పసుపు వ్యాపారం. దువ్వూరు, చాపాడు వైపు నుంచి పసుపు కొమ్ముల బస్తాలు వచ్చి మా మండీలో దిగేవి. నాకు ఆ దుమ్ములో కూర్చోవడం ఇష్టం లేక, చదివిన నాలుగు ముక్కలు చూపించుకుని జమ్మలమడుగు వెళ్ళాను. మొదటి వారంలోనే ఒక దావా రాసి తెచ్చి ఇచ్చాను. ప్రతివాది దొంగచాటుగా చేలోకి గొర్రెలు తోలాడని గట్టిగా రాశాను. ఆయన కళ్ళజోడు పైకి జరుపుకున్నారు.

“దొంగచాటుగా తోలింది నువ్వు చూసినావా రత్నయ్యా?”

“లేదు సార్. కక్షిదారు చెప్పినాడు.”

“ఆయప్ప చూసినాడా?”

“వాళ్ళ బామ్మర్ది చెప్పినాడంట సార్.”

“అట్లయితే అట్లే రాయి. చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు, తెలీంది తెలీనట్టు. మూడూ కలిపితే పప్పూ చారూ మజ్జిగా ఒకే ముంతలో పోసినట్టు ఉంటాది. ఎవురు తాగుతారప్పా దాన్ని?”

నవ్వాను. ఆయన నవ్వలేదు. ఆ దావా మూడుసార్లు తిరగరాయించారు. నాకు తెలుగు వాక్యం రాయడం వచ్చింది అక్కడే. ఈ పేజీలో తప్పులు లేకపోతే అది ఆయన చలవ.

ఒక ఇంజనీరు దగ్గర కొన్న పాత విలాయతీ కారు ఆయనకు ఉండేది. డ్రైవరు లేడు, తానే నడిపేవారు. ఎండలు ముదిరే ముందు ఒక ఆదివారం దాని రేడియేటరు కడగడం ఆయనకు పండుగ లాంటిది. కడగడానికి బావి నీళ్ళు సరేగానీ, చివర నింపడానికి మాత్రం పనికిరావు. ఉప్పునీళ్ళు కాగి కాగి లోపల రాయి కడుతుందని ఆయన భయం. అందుకని పెన్నలో ఇసుక తోడిన చెలమ నుంచి బిందెలతో తెప్పించి, పాత పంచెలో వడకట్టేవారు. ఎదుటివాళ్ళ సాక్షిని కోర్టులో నిలదీసినట్టు ఆ నీళ్ళను దోసిట్లో పోసుకుని ఎండకు పట్టి చూసేవారు. అమ్మగారు వసారాలో నిలబడి వినిపించేవారు.

“మాకు పప్పుడికేదానికి బావి నీళ్ళు. ఈ ఇనప సవతికి పెన్న నీళ్ళు. పోయిన జన్మలో ఏం పుణ్యం చేసుకుందో!”

“అది నోరెత్తదు కదే, అదీ దాని పుణ్యం,” అనేవారాయన, పంచె ఎగగట్టుకుని కారు కింద దూరుతూ.

అడుగున ఉన్న తూము తిప్పితే పాత నీళ్ళు ఎర్రగా పోయేవి. తర్వాత చాకలి సోడా కలిపిన వేడినీళ్ళు పోసి, ఇంజను కాసేపు తిప్పి, అవీ వదిలేసి, తేటనీళ్ళు వచ్చేదాకా బిందె మీద బిందె పోయించేవారు. దోసిట్లో పట్టిన నీళ్ళలో తన అరచేతి గీతలు కనపడితేనే తూము కట్టేవారు. ఇంజను వేడి మీద ఉండగా చన్నీళ్ళు పోయబోతే నా చేయి పట్టుకుని ఆపారు ఒకసారి. “కాగినోని మీద చన్నీళ్ళు పోస్తే మనిషన్నా పగుల్తాడు, ఇనుమన్నా పగుల్తాది. సల్లారనీ,” అన్నారు. ఎదుటి ప్లీడరు కోర్టులో రెచ్చిపోయినప్పుడు ఆయన మౌనంగా కూర్చోవడం నాకు అప్పుడు అర్థమైంది.

ఇక ఓబుళమ్మ సంగతి. పులివెందుల దగ్గర పల్లె ఆమెది. మొగుడు పోయాడు, ఇద్దరు బిడ్డలు. మొగుడి తాత కాలం నుంచి సాగు చేసుకుంటున్న ఇనాం చేను తనదని ఇనాందారు అంటున్నాడు. ఇనాములు రద్దయి విచారణలు జరుగుతున్న రోజులు. సాగు తమదేనని రుజువు చేసుకుంటే చేను ఆమెకే దక్కుతుంది. విచారించే అధికారి పులివెందులలో క్యాంపు వేశాడు. కృష్ణస్వామయ్య గారు ఫీజు మాట ఎత్తకుండా ఆ కేసు పట్టారు.

విచారణ ముందురోజు కారు రేడియేటరు చుక్క చుక్కగా కారడం నేను చూశాను. ఆయన కోర్టులో ఉన్నారు. కారే చోట మాటు వేయించాలంటే ప్రొద్దుటూరు తీసుకుపోవాలి, అంత వ్యవధి లేదు. మా మండీకి వచ్చే లారీవాళ్ళు చిటికెడు పసుపు పొడి వేసి కారేది ఆపుకునేవాళ్ళు. చిటికెడు అనే మాట వాళ్ళది. మా ఇంట్లో గాయానికీ, గడపకూ, దేవుడికీ, దగ్గుకూ అన్నిటికీ పసుపే, అది ఎంత పడితే అంత మేలని నమ్మే ఇల్లు మాది. అమ్మగారి కోసం మా నాన్న పంపిన కొత్త పసుపు పొడి సంచి వంటింట్లో ఉంది. దోసిళ్ళతో పోశాను. కారడం నిలిచిపోయింది. సాయంత్రం ఆయన వంగి చూసి సంతోషపడ్డారు.

“భలే! ఏం చేసినావప్పా?”

“పైపు కట్టు బిగించినా సార్.”

పసుపు అని చెప్పడానికి ఎందుకో సిగ్గేసింది. పసుపు కోమట్ల పిల్లోడు అనిపించుకోవడం ఇష్టం లేకపోయింది. కారణం అంతే. ఇంతకంటే పెద్ద కారణం ఉంటే బాగుండేదని ఇన్నేళ్ళుగా వెతుకుతున్నాను.

మర్నాడు జమ్మలమడుగు దాటి ముద్దనూరు వైపు కొండ ఎక్కుతుండగా కారు బుసలు కొట్టి ఆగిపోయింది. చల్లారనిచ్చి నీళ్ళు పోస్తే పైనే నిలబడుతున్నాయి, లోపలికి దిగడం లేదు. కాస్త దూరం పోవడం, మళ్ళీ ఉడకడం. ఎండ నెత్తికెక్కింది. ఆ దారిన ఒక్క బస్సు రాలేదు. చివరికి వచ్చింది ఇనాందారు బావమరిది జీపు. బావమరిది వెటకారంగా నవ్వాడు.

“ఏం ప్లీడరు సామీ, పోట్లాడేది మాతోనే, ఎక్కేది మా బండేనా?”

“ఎక్కించుకుంటే ఎక్కుతా,” అన్నారు కృష్ణస్వామయ్య గారు. “ఆడ ఒక ఆడమనిషి కాచుకోనుంటాది.”

నేను వద్దని చెయ్యి పట్టుకున్నాను. “మనల్ని చూసినోళ్ళు ఏమనుకుంటారో అని ఈడనే కూచుంటే ఆమె చేను పోతాది,” అని ఎక్కారు.

మేము పులివెందుల చేరేసరికి క్యాంపులో విచారణ ముగిసింది. ఓబుళమ్మ తరఫున వాదించేవాళ్ళెవరూ హాజరు కాలేదని ఉత్తరువు ఇనాందారు పక్షాన వచ్చింది. ఆమె గేటు దగ్గర చెట్టు కింద కూర్చుని ఉంది. తన ప్లీడరు తన శత్రువుల జీపులోంచి దిగడం ఆమె చూసింది, ఊరంతా చూసింది. లేచి వచ్చి రెండు చేతుల నిండా మన్ను ఎత్తి ఆయన మీద పోసింది. “నా బిడ్డల కూడు అమ్ముకుంటివి కదరా సామీ! నీ వంశం నిలవదు పో!” అంది. ఆయన కోటు దులుపుకోలేదు. జరిగింది చెప్పబోయారు. జనం గోలలో ఎవరూ వినలేదు. నేను పక్కనే ఉన్నాను.

కారును ఎడ్లతో లాగించి ఇంటికి తెచ్చాం. “ఎద్దులు గూడా కట్టినాడే, నాటకం రక్తి కట్టిందిరా!” అని జమ్మలమడుగు వీధిలో ఎవరో అరిచారు. ఆదివారం ఆయన ఎప్పటిలాగే పంచె ఎగగట్టి తూము తిప్పారు. ఏమీ రాలేదు. పుల్లతో పొడిచారు. అప్పుడు జారింది, చిక్కగా, ముద్దలు ముద్దలుగా, పచ్చగా. పెళ్ళింటి వాసన వచ్చింది. ఆయన దోసిట్లో పట్టుకుని చాలాసేపు చూశారు. వేళ్ళ మధ్య నలిపారు. తర్వాత నా వైపు చూశారు. కోపం లేదు ఆ చూపులో. అది ఉంటే బతికిపోయేవాణ్ణి.

“రత్నయ్యా, చెప్పేదేమన్నా ఉందా?”

“చిలుమేమో సార్,” అన్నాను.

“సరే. ఇంకో బిందె తీసకరా.”

తెచ్చి పోశాను. మళ్ళీ తెచ్చాను. సోడా నీళ్ళు, తేటనీళ్ళు. ఆయన పేరును కాపాడగలిగే సాక్ష్యం ఏదైనా ఉంటే అది ఆ పచ్చటి నీళ్ళే. వాటిని నా చేతులతో కడిగి వీధి కాలువలోకి తోశాను. నీళ్ళు తేటపడ్డాయి. ఆయన ఈసారి దోసిట్లో పట్టి చూడలేదు.

విచారణ తిరిగి తెరవమని ఆయన అర్జీ రాయించారు. చెబుతుంటే నేనే రాశాను. కారు ఆగిందన్న వాక్యం దగ్గర నిలిపి, “కారణం రాసేదానికి ఒక పంక్తి జాగా ఇడువు. రేప్పొద్దున చూద్దాం,” అన్నారు. రాత్రంతా ఉంది నాకు. పొద్దున ఆ జాగా ఖాళీగానే ఇచ్చాను. పసుపు చూశారు గానీ పోసినవాణ్ణి చూడలేదు, నా నోటి మాట లేకుండా ఆయన రాయరు, నాకు తెలుసు. “కారు వేడెక్కి ఆగినది” అని మాత్రం నింపారు. రుజువు లేదని అర్జీ కొట్టేశారు.

ఆ తర్వాత కక్షిదారులు ఒక్కొక్కరే తగ్గిపోయారు. నన్ను ఆయన పొమ్మనలేదు. నేనే ఉండలేక ప్రొద్దుటూరు వచ్చి మా మండీలో కూర్చున్నాను. ఆయన వసారాలో ఒంటరిగా కూర్చుని పాత దావాలు చదువుకునేవారని విన్నాను. పోయినప్పుడు మోయడానికి నలుగురి కోసం వెతకవలసి వచ్చిందట. అందులో నేను లేను.

ఆయన పోయాక ధైర్యం వచ్చింది. నా ధైర్యం అలాంటిది. పులివెందుల వెళ్ళి ఓబుళమ్మను వెతికాను. ఒక రైతు కళ్ళంలో కూలికి శనక్కాయలు వలుస్తోంది. ఎదురుగా కూర్చుని పసుపు సంగతి, జీపు సంగతి, కాలువ సంగతి అంతా చెప్పాను. ఆమె చేతులు ఆగాయి.

“అయితే ఆ సామి దుడ్లు తీసుకోల్యా?”

“లేదమ్మా.”

“నేను ఆయప్ప మింద మన్ను పోస్తినే. ఆయప్ప పేరు చెప్పి ఉమ్మేది నా బిడ్డలకు గూడా నేర్పిస్తినే.” చేతిలో కాయలు కింద పోసింది. “చేను పాయ. ఎట్లో మర్సిపోతి. ఇప్పుడు ఈ మాట తెచ్చి నా ఒళ్ళో ఏస్తాండావే, దీన్ని నేనేం చేసుకోవల్ల? ఆయప్ప బతికుండంగా చెప్పింటే పోయి కాళ్ళన్నా పట్టుకుందును. ఇప్పుడు ఎవురి కాళ్ళు పట్టుకోవల్లప్పా? నీయా?”

నా బరువు దించుకోవడానికి వెళ్ళి ఆమె నెత్తిన పెట్టి వచ్చాను. “నీయా?” అని ఆమె అన్నప్పుడు నేను చేసినదొక్కటే గుర్తుంది. కళ్ళం మట్టి మీద చాపుకుని ఉన్న నా కాళ్ళను మెల్లగా వెనక్కి లాక్కున్నాను.