బొంత కప్పుకున్న హార్డ్ డిస్క్

మా బాబాయి పరుపులు కుడతాడు, మా పిన్ని వాటిని అమ్ముతుంది. ఈ పంపకం ఎవరూ కూర్చుని చేసింది కాదు. బాబాయి నోరు విప్పితే వచ్చిన బేరం కాస్తా వెనక్కి పోతుంది, అంతే. "ఇది మెత్తగా ఉంటుందా?" అని ఎవరైనా అడిగితే కాసేపు ఆలోచించి "ఉంటుంది" అని, మళ్లీ సూది పట్టుకుంటాడు. పిన్ని అలా కాదు. వచ్చినవాళ్ల నడుంనొప్పి దగ్గర మొదలుపెట్టి, వాళ్ల అత్తగారి గురక దాకా కనుక్కుని, చివరికి ఒక పరుపు చూపించి "పడుకుని చూడండి. లేవబుద్ధి అయితే నన్నడగండి" అంటుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ వీధిలో సగంమంది పిన్ని మాట మీదే నిద్రపోతున్నారని నేను ఎవరితోనైనా పందెం కాస్తాను.

కొట్టు వెనకే ఇల్లు, రెంటికీ మధ్య దూది గది ఉంది. కిటికీ లేదు. నాలుగు గోడలకీ పైకప్పు దాకా దూది మూటలు, నేల మీద కుట్టి పడేసిన పరుపులు. ఆ గదిలోకి వెళ్లి తలుపేసుకుంటే బయటి లోకం ఉన్నట్టుండి ఆగిపోతుంది. మోటారుసైకిళ్లు, పక్క కొట్టు రంపం, పిన్ని బేరాలు ఏవీ వినపడవు. మొదటిసారి నేను లోపల నిలబడినప్పుడు ఎవరో తలుపు కొడుతున్నారనుకున్నాను. అది నా గుండె. భయమేసి బయటికొచ్చేశాను, మళ్లీ వెంటనే లోపలికి వెళ్లాను. అంత నిశ్శబ్దం మనుషులు చేసుకోగలరని నాకప్పటిదాకా తెలియదు.

బాబాయికి ఆ గది విలువ తెలిసింది ఒక గిటార్ వాయించే ఆయన వల్ల. ఆయన పరుపు చేయించుకోవడానికొచ్చి, ఆ గదిలో ఒక్క తీగ మీటి, నోరు తెరిచి అలాగే ఉండిపోయాడట. పరుపుకి బదులు తన పాత మైకు, దాన్ని కంప్యూటర్‌కి కలిపే చిన్న డబ్బా ఇచ్చి వెళ్లాడు. బాబాయి ఎవరో వాడేసి మూలన పడేసిన పాత కంప్యూటర్ ఒకటి తెచ్చుకున్నాడు. అప్పట్నుంచీ మధ్యాహ్నం వీధి భోజనాలకి వెళ్లగానే, పాడేవాళ్లని, వాయించేవాళ్లని లోపల కూర్చోబెట్టి రికార్డు చేయడం ఆయన సరదా. ఏమీ మాట్లాడని మనిషికి అందరి గొంతులూ కావాలి. పిన్ని దాన్ని "మా ఆయన రెండో సంసారం" అనేది.

ఆయనకో అలవాటు ఉంది, అది ఇక్కడే చెప్పాలి. పరుపు కుట్టు పూర్తయ్యి ముడి వేశాక దారం మొదలంటా కత్తిరించడు. జానెడు వదిలి, దాన్ని లోపలికి దూర్చేస్తాడు. "బిగుతుగా కోస్తే ముడి జారుతుంది" అంటాడు. రికార్డింగులోనూ అంతే. పాడేవాళ్లు ఆపినా ఈయన ఆపడు. వాళ్లు లేచి, దగ్గి, మంచినీళ్లడిగి, చెప్పులేసుకునేదాకా అది తిరుగుతూనే ఉంటుంది. నేను చాలాసార్లు వెక్కిరించాను.

అలా ఉండగా పిన్ని గొంతులో గడ్డ ఉందని తెలిసింది. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు తిన్నగానే చెప్పాడు. ప్రాణానికి ఢోకా లేదు, కానీ స్వరపేటిక మొత్తం తీసేయాలి. ఆ తర్వాత ఇక గొంతు ఉండదు. అక్కడే మాట నేర్పే డాక్టరమ్మ ఒకావిడ ఉంది. "మీరు ఎక్కువగా వాడే మాటలు ఇప్పుడే మీ గొంతుతో రికార్డు చేసుకోండి, ఫోన్‌లో ఒక్కో మాటకి ఒక్కో బటన్ పెట్టిస్తాను. కానీ రొద లేకుండా తేటగా ఉండాలి. గొంతు అలిసిపోతోంది, ఎక్కువసార్లు చేయించకండి" అంది. ఆపరేషన్ పది రోజుల్లోకొచ్చింది.

ఆ వీధిలో ఎవరింట్లోనూ లేని గది మా ఇంట్లో ఉంది.

ఏ మాటలు రికార్డు చేయాలి అన్నదాని మీద పెద్ద చర్చ జరిగింది. నేను తెలివిగా "దాహంగా ఉంది, నొప్పిగా ఉంది, డాక్టర్‌ని పిలవండి" అని మొదలుపెట్టాను. పిన్ని నన్ను ఎగాదిగా చూసింది. అప్పటికే గొంతు గరగరలాడుతోంది.

"దాహమేస్తే చెయ్యి చూపిస్తానే. నొప్పేస్తే నా మొహమే చెప్తుంది. సైగకి అందనివి చెప్పాలి గానీ, ఇవెందుకు?" అంది.

సైగకి అందనివి. చదువుకున్న పుస్తకాల్లో నాకు ఆ ముక్క ఎక్కడా దొరకలేదు. ఆవిడ వేళ్ల మీద లెక్కపెడుతూ ఒక్కొక్కటే చెప్తూ పోయింది. "ఆ మూల కుట్టు వంకర పోయింది, విప్పండి." "ఆయన మాట పట్టించుకోకండి, ఆయనకి దూది తప్ప ఏదీ తెలీదు." "తిన్నావా, అబద్ధం చెప్పకు." "సర్లే, ఏడవకు." "నోర్ముయ్." ఇది నా కోసమట.

మొదటి రోజు పిన్నిని దూది గదిలో మూట మీద కూర్చోబెట్టి మైకు ముందు పెట్టాం. కంప్యూటర్ లోపల చోటు లేక బాబాయి అరచేతంత హార్డ్ డిస్కు ఒకటి కొని బయట తగిలించాడు. దానికీ, మైకు డబ్బాకీ, కీబోర్డుకీ, మౌస్‌కీ అన్నిటికీ కలిపి ఒకే యూఎస్‌బీ హబ్బు, నాలుగు తీగల్నీ కంప్యూటర్ రంధ్రం ఒక్కదాంట్లోకి కలిపే ముక్క. బాబాయి చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. తర్వాత మొహం చిట్లించాడు. డిస్కు లోపల తిరుగుతున్న చప్పుడు. బయటైతే ఎవరికీ వినపడదు. ఆ గదిలో మాత్రం తేనెటీగ ఒకటి మూటల వెనక దూరినట్టు జుయ్యిమంటోంది.

పరుపులు కుట్టేవాడికి ఏ రోగానికైనా మందు ఒక్కటే. గబగబా గుడ్డ కత్తిరించాడు, మధ్యలో దూది దట్టించాడు, డిస్కు కొలతకి బుజ్జి బొంత కుట్టి నలువైపులా చుట్టేశాడు. తీగ వచ్చే చోట మాత్రం చిన్న సందు. చప్పుడు మాయమైంది. నేను చప్పట్లు కొట్టాను కూడా. పిన్ని నీళ్లు తాగుతూ, ఆగుతూ, ఆ మధ్యాహ్నమంతా మాట్లాడింది. చివరికొచ్చేసరికి ఆవిడ గొంతు దారప్పోగంత అయింది.

తీరా విందామని చూస్తే ఫైలు తెరుచుకోలేదు. బాబాయి బొంత విప్పాడు. డిస్కు చేత్తో పట్టుకోలేనంత వేడిగా ఉంది. ఊపిరాడక ఎప్పుడో మధ్యలోనే చేతులెత్తేసింది. నానా తంటాలు పడి తెరిపిస్తే మొదటి కాసిని మాటలు దక్కాయి, అవి కూడా మధ్యమధ్యలో టిక్కు టిక్కుమంటూ, అక్షరాలు రాలిపోయి. "తిన్నా... బద్ధం చెప్..." అంటోంది పిన్ని.

బాబాయి ఆ బొంత ఒళ్లో పెట్టుకుని మూట మీద కూలబడ్డాడు. ఆయన ఏడవగా నేనెప్పుడూ చూడలేదు, అప్పుడూ చూడలేదు, కానీ తను వేసిన ఆ కుట్లన్నీ ఒక్కొక్కటే పీకుతూ కూర్చున్నాడు. పిన్నికి ఏమైనా అనడానికి గొంతు మిగల్లేదు. డాక్టరమ్మకి ఫోన్ చేస్తే రెండు రోజులు పెదవి కదపనివ్వొద్దని, ఆ తర్వాత ఇంకొక్కసారి ప్రయత్నించమని చెప్పింది.

మర్నాడు పొద్దున్నే బాబాయి, నేను కంప్యూటర్ సామాన్ల కొట్టుకి వెళ్లాం. కొట్టాయనకి ఓపిక ఎక్కువ. జరిగిందంతా నేను చెప్తే, నవ్వకుండా విని, ముందు బొంత సంగతి తేల్చేశాడు. "అది తిరుగుతున్నంతసేపూ వేడెక్కుతుందండీ. దానికి గాలి కావాలి." తర్వాత టిక్కుల సంగతి. "ఒకే గుమ్మంలోంచి మైకు సరుకు లోపలికి రావాలి, డిస్కు సరుకు బయటికి పోవాలి. తోపులాటలో కింద రాలిపోయినవే ఆ అక్షరాలు. డిస్కుకి వేరే గుమ్మం చూడండి."

గుమ్మాలు ఎన్ని రకాలో చూపించడం మొదలుపెట్టాడు. సన్నటి కొత్తరకం తీగ ఒకటి, మెరుపులా పోతుందట. బాబాయి కళ్లు వెలిగాయి. "మీ కంప్యూటర్‌కి ఆ రంధ్రం ఉండదు" అన్నాడు కొట్టాయన. తీగ లేకుండా గాల్లో పంపేది ఒకటి. "దాచుకోవడానికి పర్లేదు, రికార్డింగుకి నమ్మకండి." ఇంకో యూఎస్‌బీ రంధ్రంలో పెడితే సరిపోదా అని నేనడిగాను. "అంత పాతదాంట్లో అవన్నీ లోపలికెళ్లాక ఒకే దార్లో కలుస్తాయమ్మా. వెనక ఇంకేమైనా ఉందా, ఒక పక్క కోసుకుపోయినట్టుండే రంధ్రం?"

బాబాయి తల అడ్డంగా ఊపబోయి ఆగాడు. "ఒకటుంది. దుమ్ము పోతోందని దూది కుక్కాను" అన్నాడు.

కొట్టాయన అప్పుడు నవ్వాడు, కడుపు పట్టుకుని నవ్వాడు. దాని పేరు ఫైర్‌వైర్ అట, పాతకాలంలో పాటలు, సినిమాలు చేసేవాళ్లు వాడేదట. దానికి లోపల దారి వేరే. ఇప్పుడెవరూ అడగరు. మేడ మీద అటకంతా గాలించి, ఆ రంధ్రమున్న పాత డిస్కు, దానికి సొంత కరెంటు తీగ, నాలుగు మీటర్లు దాటిన ఫైర్‌వైర్ తీగ తెచ్చి పెట్టాడు. అంత పొడుగు చూసి బాబాయి దాన్ని చేత్తో మూరలేసి కొలిచాడు. "గది దాటి వంటింటిదాకా వస్తుంది" అన్నాడు. అప్పటికి నాకూ అర్థమైంది. డిస్కుని గది బయటే పెట్టేస్తే బొంతతో పనే లేదు.

ఇంటికొచ్చి పరుపులు కుట్టే సూదితో ఆ రంధ్రంలోంచి దూది పీకాడు. ఇన్నేళ్లుగా గొంతుల కోసం వెతుకుతున్న మనిషి, వాటి దారిలో తన చేత్తోనే దూది కుక్కి కూర్చున్నాడు. నాకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది.

ఆ రెండు రోజులూ గడిచాక మధ్యాహ్నం పిన్ని మళ్లీ మైకు ముందు కూర్చుంది. తీగ తలుపు కింద నుంచి వెళ్లి వంటింట్లో గట్టు మీదున్న డిస్కుని చేరింది. దాని మీద నూలు పోగు కూడా లేదు. బాబాయి చెవి ఫోన్లు ఒకసారి నాకు పెట్టాడు.

ఎలా చెప్పాలో తెలియదు. పుట్టినప్పట్నుంచీ వింటున్న గొంతు అది. అందులో ఇన్ని ఉన్నాయని నాకు తెలియదు. మాటకి ముందు చిన్న గాలి, "తిన్నావా"లో ఆ చివర మెత్తగా పైకి లేవడం, "నోర్ముయ్" వెనకాల దాచుకున్న మురిపెం. ఇదంతా ఒక తీగలోంచి వంటింట్లోకి పోయి, ఉప్పు డబ్బా పక్కన ఒక పెట్టెలో కుదురుకుంటోంది. నేను చెవి ఫోన్లు తీసి బాబాయికిచ్చేసి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మూటని పట్టుకుని నిలబడ్డాను.

అన్నీ చెప్పడం అయ్యాక పిన్ని వెనక్కి వాలింది. చాలా అలిసిపోయింది. అయినా ఊరుకునే మనిషి కాదు.

"ఇంతకీ ఆ డబ్బాకి బొంత ఎందుకు చుట్టారండీ?" అంది.

బాబాయి చాలాసేపు ఆలోచించాడు. "మరేం లేదు, దానికి చలేసిందనుకున్నా" అన్నాడు.

పిన్ని నవ్వింది. ముందు నమ్మలేనట్టు చిన్నగా, తర్వాత ఆపుకోలేక, గొంతు బొంగురుపోతున్నా, కళ్లు తుడుచుకుంటూ పడీ పడీ నవ్వింది. వాళ్ల కాపురం మొత్తంలో ఆయన వేసిన మొదటి జోకు అదేనని తర్వాత నాతో గొణిగింది. ఆ తర్వాత ఆపరేషన్ దాకా ఆవిడ గొంతు పెగల్లేదు. అవే నేను ఆ గొంతులో నేరుగా విన్న ఆఖరి మాటలు.

ఆపరేషన్ బాగా జరిగింది. కొన్ని వారాలకి పిన్ని కొట్లోకి వచ్చి కూర్చుంది, మెడకి గుడ్డ, చేతిలో ఫోను. ఎవరో ఒకావిడ పరుపు నొక్కి పెదవి విరిచింది. పిన్ని బటన్ నొక్కింది. "పడుకుని చూడండి. లేవబుద్ధి అయితే నన్నడగండి." వచ్చినావిడ ఉలిక్కిపడి, నవ్వుతూ పడుకుంది. బాబాయి సూది సగంలో ఆగిపోయింది.

ఆవిడ వెళ్లాక నేనేదో వాగాను. పిన్ని భుజాలు కదిలాయి, నోరు తెరుచుకుంది, కానీ చప్పుడు రాలేదు. తన నవ్వుకి చప్పుడు లేదని ఆవిడకి అప్పుడే తెలిసిందనుకుంటాను. మొహం వాడిపోయింది. సైగకి అందనివన్నీ చెప్పించుకుంది గానీ, ఆ ఒక్కటీ మర్చిపోయింది.

బాబాయి సూది పక్కన పెట్టి లేచి వచ్చాడు. "కిందకంటా జరుపు. పేరు లేని బటనుంటుంది" అన్నాడు.

పిన్ని నొక్కింది. కొట్టంతా ఆవిడ నవ్వు. ముందు చిన్నగా, తర్వాత ఆపుకోలేక. ఆ రోజు కూడా ఆయన జానెడు దారం వదిలాడు.

నవ్వు అయిపోయింది. పిన్ని ఫోను చెవి దగ్గర పెట్టుకుని మళ్లీ విని, బాబాయి వైపు తిరిగి, వేలితో ఆయన పెదవులు చూపించి, ఏదీ అన్నట్టు చెయ్యి తిప్పింది. ఆ నవ్వు ముందు ఉండాల్సిన ఆయన మాట లేదు. దాన్ని ఆయనే కోసేశాడు.

"నా గొంతెందుకని తీసేశా" అన్నాడు బాబాయి.

పిన్ని తల అడ్డంగా ఊపింది. వేలు బటన్ మీద పెట్టి, నొక్కకుండా, ఆయన్నే చూస్తూ కూర్చుంది. కొట్లోకి ఎవరో వస్తున్నారు. అయినా వేలు తీయలేదు.

బాబాయి గొంతు సవరించుకున్నాడు. "మరేం లేదు, దానికి చలేసిందనుకున్నా" అన్నాడు.

అప్పుడు నొక్కింది.