చార్జి ఎవరు ఒప్పచెప్తారు?

ఆ మేనేజరు పెన్నుకి మూత పెట్టిన క్షణంలో నాకు మొదటిసారి భయం వేసింది. అంతవరకూ ఆ పెన్ను గాల్లో సున్నాలు చుడుతూ ఆయన గొప్పతనాన్ని వర్ణిస్తోంది. నా ప్రశ్న వినగానే ఆగింది. మూత టక్కుమంది. మొహం మీద నవ్వు అలాగే ఉంది గానీ అందులోంచి మనిషి వెళ్ళిపోయాడు. ఇది జరిగి మూడేళ్ళయింది. ఈ సాయంత్రం మా చిన్నది పాత ఫైల్లోంచి ఒక కాగితం లాగి, వెనకవైపు ఓడ బొమ్మ వేసి తెచ్చి చూపించింది. తిప్పి చూస్తే ముత్యాల్లాంటి అక్షరాలు: 'ఇంటర్వ్యూలో యజమానిని అడగవలసిన ఉత్తమ ప్రశ్నలు'. పిల్లలు పడుకున్నారు. ఆ ఓడని ముందు పెట్టుకుని ఇది రాస్తున్నాను.

ఆ దస్తూరీ మా చిన్న మామగారిది, అంటే మా మామగారి తమ్ముడిది. ముప్ఫై ఏళ్ళు ఇంటర్వ్యూ బోర్డులో కూర్చున్నానని ఆయన చెప్పుకుంటారు. కూర్చున్న మాట నిజమే గానీ గది లోపల కాదు, బయట స్టూలు మీద, పేర్లు పిలవడానికి అని చిన్నత్తయ్య ఒకసారి నోరు జారింది. అయినా మా ఇంట్లో ఆయన మాటకి తిరుగులేదు. ఆ ఏడు మా ఆయన పనిచేసే కాంట్రాక్టరు పని ముగించుకుని వెళ్ళిపోయాడు. మా ఆయన నాలుగు నెలలుగా ఇంట్లోనే ఉన్నారు. నా కెమిస్ట్రీ డిగ్రీ ఎనిమిదేళ్ళుగా బీరువాలో పడుకుని ఉంది. అప్పుడు వచ్చింది పిలుపు, హార్బరు వైపు రసాయనాల ట్యాంకులున్న ఒక కంపెనీ నుంచి. సేఫ్టీ రికార్డులు రాసే ఉద్యోగం. అది దొరక్కపోతే పిల్లల్ని బడి మానిపించి ఎలమంచిలిలో మా బావగారింటికి మారిపోవాలి. అదీ పరిస్థితి.

చిన్న మామగారు మూడు సాయంత్రాలు మా భోజనాల బల్ల దగ్గర చైర్మన్ అవతారం ఎత్తారు. జీడిపప్పు నములుతూ నన్ను ఇంటర్వ్యూ చేశారు. "నవ్వమ్మాయ్! ఉద్యోగం అడుక్కోడానికి వచ్చినట్టు ఉండకూడదు" అన్నారు. "మరెందుకొచ్చినట్టుండాలి మావయ్యగారూ?" అంటే, "సన్మానం చెయ్యడానికొచ్చినట్టుండాలి" అన్నారు, నవ్వకుండా. ఆయన ప్రశ్నల్లో మకుటం నాలుగోది: 'మీ విజయ రహస్యం ఏమిటి సార్?' అది అడిగేటప్పుడు మెడ కొంచెం వంచాలట. నేను వంచాను. ఇప్పుడు తలుచుకుంటే ఆయన కంటే ఆ మెడ మీదే నాకు ఎక్కువ అసహ్యం.

మూడో సాయంత్రం మా నాన్న వచ్చాడు, కూర్మన్నపాలెం నుంచి, సంచీలో చేపలతో. క్రేను ఆపరేటరుగా పనిచేసి రిటైరైన మనిషి, మాటలు తక్కువ. ఆ నాటకమంతా చూసి, చిన్న మామగారు చెయ్యి కడుక్కోడానికి లేచాక నా పక్కకి జరిగాడు. "గుంటా, ఇయన్నీ ఏటి? నీ ముందు ఆ సీట్లో ఉన్నోలు ఎవులు? నీకు సార్జి ఎవులు ఒప్పసెప్తారు? అదొక్కటడుగు, సాలు." నాన్న వాళ్ళ పనిలో అది కట్టుబాటు. తర్వాతి షిఫ్టు మనిషి వచ్చేదాకా సీటు దిగకూడదు. వచ్చాక ఏ తాడు అరిగింది, ఏ బ్రేకు జారుతోంది అన్నీ చెప్పి మరీ దిగాలి. ఒకసారి రిలీవరు రాక నాన్న రెండు షిఫ్టులు క్రేను మీదే ఉండిపోతే, నా పుట్టినరోజు కేకు ఆయన లేకుండానే కోశాం. తువ్వాలుతో తిరిగొచ్చిన చిన్న మామగారు ఆ మాట విని పకపకా నవ్వారు. "బావగారూ, ఇది ఆఫీసండీ, క్రేను కాదు!" నాన్న చేపల సంచీ కేసి చూస్తూ, "సార్జి ఒప్పసెప్పకుండా దిగిపోయినోడు, ఏటో సూసి పారిపోయినోడే బావగారూ" అన్నాడు.

మర్నాడు ఇంటర్వ్యూలో నాలుగో ప్రశ్న దివ్యంగా పనిచేసిందని ఒప్పుకోవాలి. విజయ రహస్యం అడగ్గానే మేనేజరు ఉబ్బి, గుమాస్తాగా చేరిన రోజు నుంచి మొదలుపెట్టి చెప్పుకుంటూ పోయాడు. అందులో రహస్యమూ లేదు, నాకు తెలిసి విజయమూ లేదు. చివరికి "నువ్వు మాకు నచ్చేవమ్మా. ఇంకేటైనా అడుగుతావా?" అన్నాడు. లేదని లేచిపోతే ఉద్యోగం నాదే. పిల్లల బడి నిలబడుతుంది. అయినా నోరు ఊరుకోలేదు. "నా ముందు ఆ సీట్లో ఉన్నవాళ్ళు నాకు ఎన్నాళ్ళు చార్జి ఒప్పచెప్తారు సార్?" అన్నాను.

మూత పడింది.

"చార్జా? ఇదేటి కలెక్టరాఫీసనుకున్నావా? ఆ అమ్మాయి ఎల్లిపోయింది, ఫేమిలీ ప్రాబ్లం. నువ్వు రేపొచ్చి సంతకాలెట్టీ, అంతే" అని ఒక రిజిస్టరు నా వైపు తోశాడు. ట్యాంకుల దగ్గర రోజూ పొద్దున్నే గ్యాసు పరీక్ష చేసినట్టు రాసే పుస్తకం. ఆ రోజు పన్నెండో తారీఖు. ముప్పయ్యో తారీఖు దాకా 'అంతా క్షేమం' అని టిక్కులు పెట్టేసి ఉన్నాయి. సంతకాల గడి మాత్రం ఖాళీగా ఉంది, నాకోసం. ఇంత బద్ధకస్తుల మోసం నేనెక్కడా చూడలేదు. కనీసం ఏ రోజుకారోజు అబద్ధమాడే ఓపిక కూడా లేదు వాళ్ళకి.

ఇంటికొచ్చి చెబితే చిన్న మామగారు తల పట్టుకున్నారు. "టిక్కు పెట్టింది నువ్వు కాదుగా అమ్మాయ్? సంతకమేగా!" మా ఆయన మాత్రం "ముప్పయ్యో తారీఖు దాకానా?" అని ఒక్కటే అడిగి, ఫోను తెచ్చి నా చేతిలో పెట్టారు. రానని చెప్పేశాను. మా ఆయనకి మళ్ళీ పని దొరికేదాకా ఆర్నెల్లు ఎలమంచిలిలో ఉన్నాం. పిల్లలకి బడి మారింది. ఆ ట్యాంకులకి ఇప్పటిదాకా ఏమీ కాలేదు. చిన్న మామగారు కనబడినప్పుడల్లా ఆ సంగతి గుర్తుచేస్తారు, అవి పేలకపోవడం నా తప్పన్నట్టు.

అప్పుడు ఏడేళ్ళదైన మా పెద్దది ఇప్పుడు చెల్లెలికి జడ వేసేంతదయింది. కాలం ఆ మేనేజరులాంటిది కాదు. ముందుగా టిక్కులు పెట్టుకోదు, ఏ రోజు సంతకం ఆ రోజే పెట్టించుకుని పోతుంది. ఇంటర్వ్యూ మర్నాటి పొద్దున ఇద్దరూ పాలగ్లాసుల ముందు కూర్చుని, ఉద్యోగం రాలేదా అని అడిగారు. వచ్చింది, నేనే వద్దన్నానని చెప్పాను. ముందున్నావిడ చార్జి ఒప్పచెప్పకుండా వెళ్ళిపోయింది, అలాంటి సీటు ఎక్కొద్దని తాతయ్య చెప్పాడన్నాను. పెద్దది గ్లాసు పక్కకి జరిపి, "మరి నీకు రిలీవరెవరమ్మా?" అంది.

"మీరేనే. ఇంకా చాలా టైముంది. ముందు పాలు తాగండి" అన్నాను.