తెరకు పసుపు పూసిన రోజు

మట్టెవాడలో నేను పనిచేసే జాబ్ టైపింగ్ షాపుకు కంప్యూటర్ వచ్చిన రోజు నాకు ఒళ్లు మండిపోయింది. ఎనభైల చివరి సంగతి. పన్నెండేళ్లు నా వేళ్ల కింద అరిగిన రెండు టైపు మిషన్లను అమ్మేసి, వాటి జాగాలో ఆ డబ్బాను కూర్చోబెట్టారు. కొబ్బరికాయ కొట్టి, బొట్టు పెట్టి మరీ. నా మిషన్లకు దసరా నాడు తప్ప ఆ మర్యాద ఎప్పుడైనా జరిగిందా?

షాపు యజమానిని అన్నా అని పిలిచేదాన్ని. మంచివాడే, కానీ మాట కడుపులో దాచుకోవడం తెలియని మనిషి. "నెల దినాలు చూస్త చెల్లె. గిరాకీ వస్తే ఉంచుకుంట, లేకుంటే వాపస్ ఇచ్చేస్త. టైపు మిషన్లు ఎట్లాగు అమ్ముడుపోయినయ్. ఈ షట్టర్ల పిండి గిర్ని పెట్టుకుంట," అన్నాడు. పిండి గిర్నిలో టైపిస్టుకు ఏం పని? నడుం దెబ్బతో మా ఆయన ఇంట్లోనే ఉంటున్నాడు. జీతం తెచ్చేది నేనొక్కదాన్నే.

నెల దగ్గర పడింది. వచ్చినవాళ్లు ఆ డబ్బాను వింతగా చూసి, పక్క వీధిలో టైపు చేయించుకుంటామని పోయేవాళ్లు. నాకు లోపల గుబులు. పైకి మాత్రం మూతి బిగించుకుని, దాంతో వచ్చిన పుస్తకం చదువుతూ కూర్చునేదాన్ని. అన్న ఆ పొద్దున గిర్ని బేరం మాట్లాడటానికి పోయాడు. పోతూ పోతూ, "స్విచ్చి మాత్రం ముట్టకు, నేను వచ్చినంకనే బంద్ చేస్త," అని వందోసారి చెప్పాడు.

అప్పుడే వచ్చారు, బజారులో ఇత్తడి సామాన్ల దుకాణం నడిపే సేటు, వాళ్లమ్మ. సేటు బిడ్డ పెండ్లి కుదిరింది. పిల్లవాడిది డోర్నకల్‌లో రైల్వే ఉద్యోగం. అతని పై అధికారుల్లో చాలామందికి తెలుగు రాదట. వాళ్ల కోసం వంద ఇంగ్లీషు శుభలేఖలు కావాలి, ఒక్కొక్కదాని మీద ఒక్కొక్కరి పేరు ఉండాలి. టైపు మిషన్ మీదైతే వందసార్లు కొట్టాలి. ఇక్కడ ఒక్కసారి కొట్టి పేర్లు మారిస్తే చాలు. ఈ బేరం వదిలితే ఇంకోటి రాదని నాకు తెలుసు. గబగబా మొదటి వరుస కొట్టాను.

సేటు తల్లి, ఆ పెద్దమ్మ, నా భుజం మీదుగా తొంగి చూసింది. నల్లటి తెర, దాని మీద తెల్లటి అక్షరాలు.

"గిదేంది బిడ్డా? లగ్గం ముచ్చట నల్లదాని మీద రాస్తానవ్?"

"తెల్ల కాగితం మీదనే వస్తదమ్మా. ఇది ఉత్త అద్దం."

"వచ్చుడు తర్వాత సంగతి. ముందు కాయిదానికి పసుపు పెట్టి, గప్పుడు గదా రాసేది! రాసినంక పూస్తరా ఎవరన్న?" అని కొడుకు వైపు తిరిగింది. "లే నాయినా, పోదాం పా. మన పిల్ల లగ్గానికి గీ నలుపు మనకొద్దు."

సేటు నా వైపు చూసి, ఏం చేయను అన్నట్టు చేతులు తిప్పి లేచాడు. "జర ఆగుండ్రి!" అని అరిచినంత పని చేశాను. "పసుపు పెట్టినంకనే రాస్త. కూసోండ్రి."

పుస్తకంలో రంగుల పేజీ ఉంది. వరుస ప్రతిసారీ నలుపుతోనే మొదలవుతుంది. బాణం మీట నాలుగుసార్లు నొక్కితే ఎరుపు, ఆరుసార్లు నొక్కితే బ్రౌన్. మాది చవక తెర కావడం వల్ల ఆ బ్రౌన్ ఎప్పుడూ పసుపులాగే కనిపించేది. దేవుడు చల్లగా చూశాడనుకుని, రాసిందంతా చెరిపి, వెనక రంగుకు ఆరు నొక్కాను. తర్వాత అక్షరాల రంగు. ఎరుపుకు నాలుగు నొక్కాల్సింది, ఆ ఊపులోనే మళ్లీ ఆరు నొక్కేశాను.

అంతే. పసుపు మీద పసుపు. అక్షరం లేదు, వరుస లేదు, ఏ పేజీలో ఉన్నానో చెప్పే పై గీత కూడా లేదు. తెరంతా ఒకటే పచ్చగా నిండిపోయింది. వెనక్కి పోదామంటే ఏదీ కనబడదు. ఆపేద్దామంటే స్విచ్చి ముట్టొద్దన్నాడు. అయిపోయింది నా బతుకు, డబ్బా పాడు చేశానన్న పేరు కూడా మోసుకుని పోతాను అనుకున్నాను. చెమటతో జాకెట్ తడిసిపోయింది.

వెనక నుంచి పెద్దమ్మ గొంతు వినిపించింది. "ఆ! గిట్లుండాలె. ఎంత మంచిగ పూసినవ్ బిడ్డా, ఒక్క మూల ఇడువలే."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కానీ ఆ మాటతో ఊపిరి అందింది. టైపు నేర్చుకునే రోజుల్లో మా మాస్టారు వేళ్ల మీద గుడ్డ కప్పి కొట్టించేవాడు. తొంగిచూస్తే స్కేలుతో ఒక్కటి పడేది. ఆయన్ని ఎంత తిట్టుకున్నానో నాకే తెలుసు. ఇప్పుడు ఆ గుడ్డ తెర మీద పడింది, అంతే కదా. కళ్లు మూసుకున్నాను. ఇందాక ఏ మీట తర్వాత ఏ మీట నొక్కానో వేళ్లతో మొదటి నుంచీ మళ్లీ నడిచాను. అక్షరాల రంగు దగ్గరికి వచ్చాక లోలోపల లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఆగి, చివరి మీట నొక్కి కళ్లు తెరిచాను.

పసుపు మీద ఎర్రటి అక్షరాలు. అమ్మయ్య! కుర్చీలో అట్లాగే వెనక్కి వాలిపోయాను.

"కుంకుమ సుత పెట్టినవా!" అని పెద్దమ్మ రొంటిన ఉన్న భరిణె తీసి, ముందు తెర నెత్తిన, తర్వాత నా నుదుట బొట్టు పెట్టింది. సేటు హాయిగా కూర్చుని పేర్ల జాబితా విప్పాడు.

అన్న వచ్చేసరికి ప్రింటర్ గరగరలాడుతూ ఇరవయ్యో కాగితం వదులుతోంది. మామూలు తెల్ల కాగితం, మామూలు నల్ల అక్షరాలు. పెద్దమ్మ ఒక్కొక్కటి అందుకుని భద్రంగా ఒళ్లో పెట్టుకుంటోంది. అన్న తెర చూసి నోరు తెరిచాడు.

"గీ రంగు ఎట్ల తెచ్చినవ్ చెల్లె?"

"పుస్తకంల ఉన్నదన్నా. అల్కగనే వచ్చింది, కష్టమేం కాలే."

ఆయన సేటు చేతిలోని పేర్ల జాబితా చూశాడు. "గట్లయితే గిర్నాయన్ని రావద్దని చెప్పొస్త," అని చెప్పులు విడవకుండానే వెనక్కి తిరిగాడు. నేను కొంగుతో ముఖం తుడుచుకుంటున్నట్టు కళ్లు తుడుచుకున్నాను.

ఆ షాపులో ఇంకా చాలా ఏళ్లు పనిచేశాను. తెరంతా పచ్చగా మునిగిపోయిన ఆ నాలుగు నిమిషాల సంగతి మాత్రం అన్నకు ఎన్నడూ చెప్పలేదు.